సాగిపోయిన టేపు

కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకోవడం మొదలైనప్పుడు లక్ష్మీకాంతాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. సూదిలోకి ఎక్కించే ముందు దారం కొసను నలుపుతున్నట్టే ఉండేది. కుట్టుపని చేసే మనిషి కాబట్టి చూసినవాళ్ళు అలాగే అనుకున్నారు. భర్త సత్యం కూడా అలాగే అనుకున్నాడు. ఏడాది దాకా ఆమె సంగతీ అంతే. ఒకరోజు లాండ్రీ గదిలో బట్టలు తిరుగుతుంటే బెంచీ మీద కూర్చుని చేతివైపు చూసుకుంది. దారం లేదు. వేళ్ళు మాత్రం నలుపుతూనే ఉన్నాయి.

అప్పటికి ఆమె అమెరికాలోని పార్సిప్పనీకి వచ్చి రెండేళ్ళు. బావగారు వీరాంజనేయులు పెట్టిన కాగితాలు పన్నెండేళ్ళు నలిగి, 2007 డిసెంబరులో గ్రీన్‌కార్డులు వచ్చాయి. సత్యం ఇండియన్ కిరాణా షాపులో వెనక గదిలో పప్పుల బస్తాలు విప్పి ప్యాకెట్లు కట్టే పనిలో చేరాడు. పిల్లల్లేరు. కాంతం తెనాలి గంగానమ్మపేటలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన పనే ఇక్కడా చేసింది. అపార్ట్‌మెంట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్ళ భార్యలు మెట్లెక్కి ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. జాకెట్లు, ఫాల్సు, పిల్లల పరికిణీలు. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. మెడలో టేపు వేసుకుని, కొలతలు తీసుకుని, పుస్తకంలో రాసుకునేది. మాటకు బదులు పని చూపించడం ఆమెకు అలవాటు.

తరవాత కుట్లు వంకర పోవడం మొదలైంది. ఒకమ్మాయి తెచ్చి చూపించిన జాకెట్టులో ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. "ఫర్వాలేదు ఆంటీ, చీర కొంగులో కనపడదులే" అంది ఆ అమ్మాయి. మళ్ళీ రాలేదు. మరో అమ్మాయి, మరో అమ్మాయి. ఎవరూ కోపంగా మాట్లాడలేదు. కోప్పడితే బాగుండేది. విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చేది.

దాని పేరు పార్కిన్సన్స్ అని ధర్మాసుపత్రి డాక్టర్ చెప్పాడు. మాత్రలు ఇచ్చాడు. ఏడాదిన్నరకు కాళ్ళ దాకా వచ్చింది. గదిలో బాగానే నడుస్తుంది. గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోతాయి. వెళ్దామని మనసు ముందుకు తోస్తుంది, కాళ్ళు కదలవు. మాత్రలతో పాటు వ్యాయామం చేయించేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలన్నాడు డాక్టర్. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు నిండలేదు కాబట్టి దానికి ప్రభుత్వ ఇన్సూరెన్స్ రాదు. అప్పుడే ఆయన ఒక కాగితం చేతికిచ్చాడు. పార్కిన్సన్స్ వచ్చినవాళ్ళకు నడక ఎలా నేర్పితే మేలో కనుక్కోవడానికి పది వారాల స్టడీ జరుగుతోంది. చేరినవాళ్ళకు అంతా ఉచితం.

ఆ కాగితం చదివింది తోడికోడలు, వీరాంజనేయులు భార్య దమయంతి. ఇరవై అయిదేళ్ళ నుంచి అమెరికాలో ఉన్న మనిషి, స్కూలు కెఫెటేరియాలో పని. కారు నడుపుతుంది, ఇంగ్లీషు ధాటిగా మాట్లాడుతుంది, నోటికి మూత లేదు.

"సోమ, బుధ, శుక్ర. మూడింటికి. నా షిఫ్ట్ రెండింటికైపోద్ది, నేను డ్రైవ్ చేస్తాలే" అంది. "కానీ ఒక్క మాట. అక్కడికొచ్చి గోడకు కొట్టిన బొమ్మలాగా నిలబడితే కుదరదు. నోరు తెరవాలి."

"నువ్వుంటావుగా అక్కయ్యా" అంది కాంతం.

"నేనెందుకుండనులే, మాట్లాడకుండానే అన్ని పనులూ చేయించుకుంటావు."

2011 సెప్టెంబరు చివర్లో మొదలైంది. పెద్ద గది, నున్నటి నేల. నేల మీద అడుగున్నర ఎడంతో తెల్ల టేపు గీతలు అంటించి ఉన్నాయి. నేర్పే ఆవిడ పేరు డోరీన్. లావుపాటి మనిషి, పొట్టి నెరిసిన జుట్టు, మెడలో స్టాప్‌వాచ్. కాంతం మెడలో కొలత టేపు అలవాటుగా ఉండిపోయింది. డోరీన్ దాన్నీ తన గడియారాన్నీ చూపించి ఏదో అంది.

"మీ ఇద్దరిదీ కొలతల ఉద్యోగమేనంట" అంది దమయంతి. "నవ్వవే, జోకేసింది."

నవ్వాననే అనుకుంది కాంతం. ముఖం కదల్లేదు. ఆ జబ్బు నవ్వును కూడా పట్టుకుంటుందని డోరీన్‌కు తెలుసు కాబట్టి తానే రెండింతలు నవ్వింది.

మొదటిరోజు కొలత తీశారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్ల దూరంలో ఉన్న నారింజరంగు శంకువు దాకా నడిచి, చుట్టి, తిరిగొచ్చి కూర్చోవాలి. కొలత రోజుల్లో ముందురోజు రాత్రి నుంచి మాత్రలు వేసుకోకూడదు. ఎందుకో డోరీన్ విడమరచి చెప్పింది. "మాత్ర నడిపిస్తే అది మాత్ర గొప్ప. మీ కాళ్ళు ఏం నేర్చుకున్నాయో నాకు కావాలి. మీ కాళ్ళు చెప్పిందే రేపు ఇంకొకరికి చెప్తాం." వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు. లేవని దమయంతి రాసింది. అది ఆ రోజుకు నిజం.

ముప్పై ఒక్క సెకన్లు పట్టింది.

తరవాత గీతల మీద నడక. ఒక చిన్న పెట్టె టక్, టక్ అని కొడుతుంటుంది. ప్రతి దెబ్బకూ ఒక గీత దాటాలి. గుమ్మం దగ్గర ఆగిపోయే కాలు గీత కనపడితే ఆగదు. ఎందుకో డోరీన్‌కే పూర్తిగా తెలియదట. ఇంట్లో కూడా చేసుకోమని ఒక టేపు చుట్ట ఇచ్చింది. కాంతం బల్ల దగ్గర నుంచి పడకగది దాకా కార్పెట్ మీద గీతలు అంటించింది. అవి మూలమట్టం వేసినట్టు ఉండేదాకా మూడుసార్లు పీకి అంటించింది. పొద్దున పాలు తాగి ముప్పైసార్లు, సాయంత్రం ముప్పైసార్లు. అంతకుముందు కుట్టుపనికి పెట్టిన మనసంతా కాళ్ళకు పెట్టింది. సత్యం షాపు నుంచి వచ్చేసరికి ఇంకా నడుస్తూనే ఉండేది.

"ఇక చాల్లే, కార్పెట్ అరిగి మేనేజర్ తిడతాడు" అనేవాడు.

"ఇంకో నాలుగు" అనేది.

అక్టోబరు చివర్లో, ఆకులు రాలకముందే మంచు పడి కొమ్మలు విరిగి, కరెంటు పోయి నాలుగు రోజులు రాలేదు. చలిలో కోటు వేసుకుని, కిటికీ వెలుతురులో నడిచింది. ఒక్కరోజు మానలేదు.

ఐదో వారం కొలత. దమయంతి సెలవు పెట్టి పొద్దున్నే తీసుకెళ్ళింది. కాంతం కుర్చీలోంచి లేచింది. శంకువు చుట్టింది. వచ్చి కూర్చుంది. డోరీన్ గడియారం చూసి, మళ్ళీ చూసి, చప్పట్లు కొట్టింది. పద్దెనిమిది.

"పద్దెనిమిదంటే! అసలు మాత్రే వేసుకోలేదుగా!" అని దమయంతి ఆమె భుజం మీద చరిచింది. "ఏమే, పరుగు పందేలకు పంపించాలా నిన్ను?"

ఆ సాయంత్రం కాంతం మిషను మీద కప్పిన దుప్పటి తీసింది. సత్యం చొక్కాకు ఎప్పుడో ఊడిన బొత్తాం కుట్టింది. అతను వచ్చాక చెప్పింది, పద్దెనిమిది అని. అరవై రోజులుగా ఆమె తనంతట తాను చెప్పిన మొదటి కబురు అది. సత్యం సింకు దగ్గర పాలగిన్నె తోముతున్నాడు. "మంచిదేగా" అన్నాడు. తల ఎత్తలేదు. అలిసిపోయాడనుకుంది.

ఆరో వారంలో మెడ ఊగడం మొదలైంది. కూర్చుంటే మెడా భుజాలూ వాటంతటవే మెల్లగా అటూ ఇటూ తిరిగేవి. డోరీన్ మూడుసార్లు అడిగింది. మాత్రలు పెంచారా? లేదు. ఎక్కువ వేసుకున్నారా? లేదు. "మందు ఎక్కువైతే ఇలా అవుతుంది. డాక్టర్‌కు రాస్తాను" అంది.

కారులో కాంతం అదే ఆలోచించింది. మందు ఎక్కువైంది. ఎవరూ పెంచని మందు ఎక్కువైంది. మర్నాడు పొద్దున సత్యం ఇచ్చిన పాలు తాగాక గ్లాసు కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. అడుగున బూడిదరంగు మడ్డి ఉంది.

"ఏంటిది?"

"బాదం పొడి. కొత్త కంపెనీది, షాపులోకొచ్చింది."

ఆమె వాసన చూసింది. బాదం వాసన లేదు. అతను షాపుకు వెళ్ళాక వంటగది అరలన్నీ చూసింది. పై అరలో, మినప్పప్పు డబ్బా వెనక, చేత్తో కుట్టిన గుడ్డసంచి. లోపల బూడిదరంగు పొడి. సంచి ఎవరిదో అడగనక్కర్లేదు. మూలల్లో రెండేసిసార్లు వెనక్కి కుట్టి ముడేసిన ఆ కుట్టు తాను చిన్నప్పుడు నేర్చుకున్న కుట్టు. నేర్పింది అక్క ధనమ్మ.

నరసరావుపేటకు ఫోన్ చేసింది.

"దూలగొండి గింజలే. పాలల్లో ఉడకేసి, పొట్టు తీసి, నేనే దంచాను" అంది ధనమ్మ. "మా పక్కింటి తిరుపతయ్య మంచంలోంచి లేవలేనోడు, ఇప్పుడు బజారుకెళ్ళి కూరలు తెస్తన్నాడు. షాపోళ్ళ చుట్టమొస్తుంటే పంపించాను. నీకు చెప్తే తాగవని మరిదిగారే చెప్పొద్దన్నారు."

"ఎప్పట్నుంచి పోస్తున్నారక్కా?"

"దసరాకి అందిందన్నారు. తగ్గిందా లేదా, ముందది చెప్పు."

దసరా అక్టోబరు మొదట్లో వచ్చింది. కొలత తీసింది నవంబరులో. కాంతం ఫోన్ పెట్టేసి, కార్పెట్ మీద తెల్ల గీతల వైపు చూస్తూ కూర్చుంది. రోజుకు అరవైసార్లు. అందులో ఏ అడుగు తనది, ఏ అడుగు పొడిది?

సత్యం వచ్చేసరికి సంచి బల్ల మీద ఉంది. అతను బూట్లు విప్పకుండానే నిలబడిపోయాడు.

"ఏడాది కిందట ఆకుపసరు తాగించారు, వాంతులై పడ్డాను. ఇక వద్దని చేతిలో చెయ్యేసి చెప్పించుకున్నాను."

"ఇది పసరు కాదు గదా. గింజలు."

"కొలత రోజున కూడా పోశారా?"

"మాత్రలు మానమన్నారు" అన్నాడు సత్యం. "పాలు మానమన్నారా?"

అతను బుకాయించడం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. మందంటే మాత్ర. అక్క దంచి పంపింది మందెలా అవుతుంది?

"ఆ రోజు చెబుదామనుకున్నాను" అన్నాడు బూట్లు విప్పుతూ. "నువ్వు బొత్తాం కుట్టి, పద్దెనిమిదని చెప్పావు. ఇంకెట్లా చెప్పను?"

శుక్రవారం కారులో దమయంతి అంతా విని స్టీరింగు మీద అరచేత్తో కొట్టింది.

"మా మరిదిని కొలిమిలో పెట్టి కాల్చాలి" అంది. "సరే, పొడి ఆపేయ్. వాళ్ళకి చెప్పకు. ఇంకా నాలుగు వారాలే. చెప్తే తీసేస్తారు, ఫారమ్‌లో చదివాన్నేను. తీసేస్తే నీకింకెక్కడా దిక్కు లేదు."

"తెలుసక్కయ్యా."

"ఎవరికే నష్టం? ఒక్క మనిషి లెక్క. వాళ్ళ దగ్గర నలభై మందున్నారు."

కాంతం కిటికీలోంచి చూస్తూ ఉంది. తెనాలిలో మిషను పెట్టిన కొత్తలో ఒక పాత గుడ్డ టేపుతో కొలతలు తీసేది. వాడి వాడి అది సాగిపోయిందని ఆమెకు తెలియదు. ముప్పై నాలుగు ఉన్న ఛాతీకి ముప్పై మూడే చూపించేది. కత్తిరించేది చెక్క స్కేలు పెట్టి. ఒక పెళ్ళివారి జాకెట్లు పదకొండు, పట్టువి, ఒక్కటీ ఎవరికీ పట్టలేదు. కుట్టు తప్పయితే విప్పి కుట్టొచ్చు. కొలత తప్పితే గుడ్డ పోతుంది. ఆ పెళ్ళికూతురు అద్దం ముందు హుక్కు పెట్టుకోవడానికి ఊపిరి బిగబట్టి నిలబడడం ముప్పై ఏళ్ళయినా ఆమె కళ్ళ ముందే ఉంది.

"నా కొలత పట్టుకుని వాళ్ళు ఇంకొకళ్ళకి కత్తిరిస్తారు" అంది.

"ఏంటి?"

"చెప్పు అక్కయ్యా. నువ్వు చెప్పకపోతే సంచి తెచ్చాను, అదే చూపిస్తాను."

దమయంతి చెప్పింది. మరిదిని వెనకేసుకొస్తూ చెప్పింది, అది వేరే విషయం. డోరీన్ సంచి చేతిలోకి తీసుకుని, పక్కగదిలోకి వెళ్ళి చాలాసేపు ఫోన్‌లో మాట్లాడింది. వచ్చి కాంతం ఎదురుగా చిన్న కుర్చీలో కూర్చుంది. ఆ గింజల్లో ఉండేదీ మాత్రలో ఉండేదీ ఒకటే సరుకట. రెండూ కలిసి మోతాదు మించినందుకే మెడ ఊగింది. పొడి ఆపాలి. చెప్పినందుకు థాంక్స్. ఇక స్టడీలో ఉంచడానికి వీల్లేదు.

"క్లాసుకైనా రానియ్యమని అడుగు. లెక్కలో లేకపోయినా సరే" అంది కాంతం.

దమయంతి అడిగింది. ఆ గదీ ఆ గంటలూ స్టడీకి కట్టేసినవి, తన చేతిలో లేదని డోరీన్ అంది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"పద్దెనిమిదిలో నాదెంతో అడుగు."

అది కూడా అడిగింది. డోరీన్ తల అడ్డంగా ఊపింది. కలిసిపోయాక విడదీసి చెప్పలేరట.

కాంతం లేచింది. అప్పటిదాకా ఆమె నోట ఆ గదిలో ఎవరూ ఇంగ్లీషు వినలేదు. చేత్తో కుర్చీని, శంకువును చూపించి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అంది.

"వన్ టైమ్. నో పౌడర్. నో టాబ్లెట్. ఫర్ మీ."

పది రోజుల తరవాత, డోరీన్ భోజనం చేసే వేళకు రమ్మంది. గదిలో కాదు, బయట వరండాలో. "ఇది కాగితం మీద పడదు" అని ముందే చెప్పింది. కాంతం రాత్రి నుంచి మాత్ర వేసుకోలేదు. పాలు కూడా తాగలేదు. కారులోంచి ఆ వరండా దాకా రావడానికే పావుగంట పట్టింది. దమయంతి చెయ్యి పట్టుకుని, ఆ రోజు ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అనలేదు.

కుర్చీలోంచి లేవబోతే మొదటిసారి లేవలేకపోయింది. రెండోసారి లేచింది. నేల మీద గీతల్లేవు. లోపల టక్, టక్ అనుకుంటూ అడుగేసింది. శంకువు దగ్గర తిరుగుతుంటే పాదాలు ఆగాయి. లేని గీతను ఉన్నట్టు చూసుకుని దాటింది. వచ్చి కూర్చుంది. ఒళ్ళంతా చెమట.

డోరీన్ గడియారం ఆమెకే చూపించింది. ఇరవై ఏడు.

కాంతం వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. ఇరవై ఏడు.

"నాలుగు" అంది తెలుగులో.

డోరీన్‌కు అర్థం కాలేదు. దమయంతి చెప్పబోయి ఊరుకుంది.

దారిలో దమయంతి ఉండబట్టలేకపోయింది. "నాలుగు సెకన్లకేమొస్తుందే పిచ్చిదానా? రోజుకు అరవైసార్లు నడిచావు."

కాంతం మనసులో లెక్క వేసుకుంది. ఒకప్పుడు నాలుగు సెకన్లలో బొత్తాం కాజాకు రెండు కుట్లు పడేవి. అంతే. అయినా ఆ రెండు కుట్లూ ఎవరివో తెలుసు. పద్దెనిమిది ఎవరిదో తెలియదు.

సత్యం ఆ రోజు షాపుకు వెళ్ళలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు విని తలుపు తీసి నిలబడ్డాడు. పొడి సంగతి తెలిసిన దగ్గర నుంచి ఆమె కళ్ళల్లోకి సూటిగా చూడడం మానేశాడు. ఇప్పుడూ కాళ్ళవైపే చూస్తున్నాడు.

గుమ్మం దగ్గర ఆ కాళ్ళు ఆగిపోయాయి.

దమయంతి వెనక నుంచి చెయ్యి వెయ్యబోయింది. కాంతం వద్దన్నట్టు తల ఊపింది. ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. ఎదురింటివాళ్ళు తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసుకున్నారు. గీతలన్నీ లోపల, కార్పెట్ మీద ఉన్నాయి. గుమ్మానికి గీత లేదు. డోరీన్ ఇచ్చిన చుట్ట ఎప్పుడో అయిపోయింది.

"ఎత్తుకోనా?" అన్నాడు సత్యం.

"టేపు తీయండి" అంది.

అతనికి మొదట అర్థం కాలేదు. తరవాత ఆమె మెడలోంచి కొలత టేపు తీశాడు. వంగి గుమ్మానికి అడ్డంగా పరిచాడు. అది ఒక పక్కకు చుట్టుకుపోతుంటే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు కొసలూ రెండు చేతులతో నేలకు అదిమి పట్టుకున్నాడు.

"ఒకటి" అన్నాడు.

కాలు లేవలేదు.

"ఒకటి" అన్నాడు మళ్ళీ, తల వంచుకునే.

కాంతం టేపు మీద అంకెల వైపు చూస్తూ ఉంది. చాలాసేపటికి కుడికాలు లేచింది.